తెల్లవారుజామున కడుపునొప్పి

జూన్ 18, 2024

వానలు పడి దుక్కులు మొదలయ్యాయి. ఇక అక్టోబరు దాటేవరకు క్యాజువాల్టీకి పాముకాటు కేసులు వస్తూనే ఉంటాయి. ఇదే అదను చూసి, ఫైనలియర్ పిల్లల కోసం పాముకాటు మీద ఒక ఆన్‌లైన్ కేసు తయారుచేసే పని ప్రిన్సిపాల్ గారు మా మెడిసిన్ డిపార్ట్‌మెంటు నెత్తిన పెట్టారు. వీడియోలుండాలట, వర్చువల్‌గా ఉండాలట, హాస్టల్లో ఫోను పట్టుకుని కూడా చేసుకునేలా ఉండాలట. 2019 బ్యాచ్‌తో కొత్త సిలబస్ వచ్చినప్పటి నుంచి కేసుల ద్వారా నేర్పమని పైనుంచి చెబుతూనే ఉన్నారు. కాదనడానికి లేదు. నాకు కాదనాలనీ లేదు.

మధ్యాహ్నం ఒక కంపెనీవాళ్ళు వచ్చి డెమో ఇచ్చారు. కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుంటే ఎదురుగా ఒక వార్డు. నేల అద్దంలా మెరుస్తోంది. ఒక్కటే మంచం, ఒక్కడే రోగి, కిటికీ అవతల పచ్చటి చెట్లు. చేతిలో రిమోట్ లాంటిది పెట్టుకుని అటూ ఇటూ తిరగొచ్చు, సెలైన్ స్టాండు జరపొచ్చు, మానిటర్ తాకొచ్చు. హౌస్ సర్జన్లు ఎగబడ్డారు. నాకూ సరదాగానే ఉంది, అబద్ధమెందుకు. అయితే రోగి తలాపున గాల్లో ఒక పలక తేలుతోంది. దాని మీద ‘నాగుపాము కాటు, పురుషుడు, 32 ఏళ్ళు’ అని రాసి ఉంది. జబ్బేమిటో వాళ్ళే చెప్పేస్తే ఇక మా పిల్లలు చెయ్యాల్సిందేముంది, స్టాండు జరపడం తప్ప? పైన పటారం, లోన లొటారం.

మా వార్డులో మంచాల మధ్య నేల మీద కూడా రోగులుంటారు. పక్కన క్యారేజీలు, నీళ్ళ సీసాలు, కాళ్ళ దగ్గర నిద్రపోయే అత్తగార్లు. ఆ సందట్లో ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేల్చుకోవడమే సగం వైద్యం. దాన్ని ఆ హెడ్‌సెట్‌లో పెట్టగలరా అని అడిగితే, సేల్స్ అబ్బాయి ‘కస్టమైజ్ చేస్తాం మేడమ్’ అన్నాడు. రేటు చెప్పాడు. ప్రిన్సిపాల్ గారు టీ తెప్పించారు.

జూన్ 20

కట్లపామునే తీసుకుందామని తేల్చాను. పీజీ అమ్మాయి రక్తపింజర పెడదామంది. వాపు, చిగుళ్ళ నుంచి రక్తం, నల్లబడ్డ కాలు, అన్నీ ఫోటోల్లో బాగా వస్తాయంది. నిజమే. కానీ ఆ కాలు చూశాక ఇక ఆలోచించేదేముంది, ఎవరైనా చెప్పేస్తారు.

కట్లపాముతో వచ్చే చిక్కు వేరు. అది రాత్రిపూట ఇళ్ళలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలో కరుస్తుంది. కోరలు చిన్నవి. గాటు కనపడకపోవచ్చు, వాపూ నొప్పీ పెద్దగా ఉండవు. చాలామందికి తమను ఏదో కరిచిందన్న సంగతే తెలియదు. తెల్లవారుజామున కడుపులో మెలిపెడుతోందని లేస్తారు, వాంతి చేసుకుంటారు. ఇంట్లోవాళ్ళు రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. ఆసుపత్రిలో కూడా అలాగే అనుకుని గ్యాస్‌కు ఒక ఇంజక్షన్ ఇచ్చి పంపేస్తే, పొద్దెక్కేసరికి కనురెప్పలు వాలతాయి, తర్వాత గుటక పడదు, ఆ తర్వాత ఊపిరి ఆడదు.

అందుకే కేసుకు ‘తెల్లవారుజామున కడుపునొప్పి’ అని పేరు పెట్టాను. పాము మాట ఎక్కడా ఉండదు. మొదటి తెర మీద రోగి తల్లి గొంతు మాత్రమే వినిపిస్తుంది: ‘రాత్రి బాగానే పడుకున్నాడమ్మా, నాలుగింటికి లేచి కడుపు పట్టుకున్నాడు.’ అంతే. ఎక్కడ పడుకున్నాడో విద్యార్థి అడిగితేనే ఆమె చెబుతుంది. అడక్కపోతే చెప్పదు.

పుస్తకంలో జబ్బు తన పేరుతో మొదలవుతుంది. రోగి ఏ పేరూ లేకుండా వస్తాడు. డాక్టరు దగ్గరికి ఏ వరసలో వచ్చిందో ఆ వరసలోనే కేసు చెప్పాలి. అంతా తెలిశాక సర్దిపెట్టిన వరసలో చెబితే అది పాఠమే, కేసు కాదు. ఈ పని పూర్తయ్యేదాకా నేను పట్టుకుని ఉండదలచింది ఈ ఒక్కటే. వీడియో అయినా త్రీడీ అయినా నాకు ఎంత చూపిస్తుందన్నది ముఖ్యం కాదు, అడిగేదాకా ఏది దాచి ఉంచగలదన్నది చూస్తాను.

ఇదేమీ కొత్త సంగతి కాదు. హార్వర్డ్‌లో లాంగ్‌డెల్ 1870లో లా విద్యార్థులకు కేసులతో చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడే మెడిసిన్ చదువుతున్న వాల్టర్ కానన్ తన గదిలో ఉండే లా విద్యార్థి కేసుల మీద ఉత్సాహంగా వాదించుకోవడం చూశాడు. మన లెక్చర్లు మాత్రం ఇంత చప్పగా ఎందుకుండాలని, మెడిసిన్ కూడా అలాగే నేర్పాలంటూ 1900లో వ్యాసం రాశాడు. అప్పటికి ఇంకా విద్యార్థే. తర్వాత శరీరధర్మశాస్త్రంలో అంత పేరు తెచ్చుకున్న కానన్ ఇతనే. విద్యార్థి విసుగులోంచి పుట్టిన పద్ధతి ఇది. ఆ విసుగు మా గ్యాలరీ క్లాసులో చివరి బెంచీల్లో ఇప్పటికీ భద్రంగా ఉంది.

జూన్ 27

ఈ-కంటెంట్ కుర్రాడు బాగా పనిమంతుడు. కాలేజీ మూడిల్‌లో హెచ్‌ఫైవ్‌పీ అనే ఉచిత సాధనం ఉందట. అందులో దారులు చీలే కేసు కట్టొచ్చు. ఒక వీడియో, దాని కింద నాలుగు పనులు, ఏది ఎంచుకుంటే ఆ దారిలో తర్వాతి వీడియో. హెడ్‌సెట్ అక్కర్లేదు, చవక ఫోను చాలు. గోడ మీద ముగ్గులా చీలికలన్నీ గీసి చూపించాడు.

పేచీ వచ్చింది మాత్రం ఆకుపచ్చ టిక్కు దగ్గర. సరైనది నొక్కితే టిక్కు, తప్పు నొక్కితే ఎర్ర గుర్తు, బుయ్యిమని ఒక చప్పుడు పెట్టాడు. తీసెయ్యమన్నాను. ‘మరి తప్పని వాళ్ళకెలా తెలుస్తుంది మేడమ్?’ అన్నాడు. రోగి చెబుతాడు నాయనా. కడుపునొప్పికి ఇంజక్షన్ ఇచ్చి ఇంటికి పంపితే గడియారం ఆరు నుంచి ఎనిమిదికి జరుగుతుంది, అదే తల్లి గొంతు మళ్ళీ వినిపిస్తుంది, ఈసారి కొంచెం ఎత్తులో: ‘వీడు కళ్ళు తెరవట్లేదమ్మా.’ ఆ బుయ్యికన్నా ఇది గట్టిగా తగలదూ! స్కానింగు రాసినవాడికి స్కానింగు రిపోర్టు నార్మల్‌గానే వస్తుంది. గంటంబావు మాత్రం పోతుంది. పోయిన గంటంబావును తెర మూలన కనపడీ కనపడనట్టు చూపిస్తే చాలు.

1960ల్లోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లాటో అనే కంప్యూటరు మీద నర్సింగు విద్యార్థులకు గుండెపోటు రోగి కేసు పెట్టారు. తెర మీద త్రీడీ లేదు, రంగుల్లేవు. ఏం కావాలో విద్యార్థే అడిగి తెలుసుకోవాలి. అరవై ఏళ్ళ కిందట యంత్రానికి నోరు కట్టుకుని కూర్చోవడం వచ్చు. ఇప్పటి యంత్రాలకు అది తప్ప అన్నీ వచ్చు.

జూలై 6

ఇవాళ షూటింగు. రోగిగా ఒక ఫైనలియర్ కుర్రాణ్ణి పెట్టాం. నాటకాల్లో వేస్తుంటాడట. కడుపునొప్పి అద్భుతంగా చేశాడు. రెప్పలు వాలే సీను దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడింది.

కళ్ళు సగం మూశాడు. చూడ్డానికి నిద్రమత్తులా ఉంది, రెప్ప వాలినట్టు లేదు. తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి కాసేపు పట్టింది. మనం కావాలని కళ్ళు మూస్తే కనుబొమలు కూడా కిందికి దిగుతాయి. విషానికి రెప్పలెత్తే కండరం చచ్చుబడ్డవాడు మాత్రం ఎలాగైనా చూడాలని తంటాలు పడతాడు. నుదురు ముడతలు పడుతుంది, కనుబొమలు పైకి లేస్తాయి, గడ్డం ఎత్తి రెప్పల కిందినుంచి చూస్తాడు. అంటే కింది సగం నిద్రపోతున్నట్టు, పై సగం ఆశ్చర్యపోతున్నట్టు ఉంటుంది ముఖం. దాన్ని నటించడం మా కుర్రాడి వల్ల కాలేదు, నా వల్లా కాలేదు. అద్దం ముందు ప్రయత్నించాను, పీజీ అమ్మాయి నవ్వాపుకోలేక బయటికి పోయింది.

రోగుల పాత్ర వేయించి నేర్పడం 1963లో హోవర్డ్ బారోస్ మొదలుపెట్టాడు. న్యూరాలజీ డాక్టరే. చెప్పుకోవడం, బాధపడడం, కోప్పడడం నటులు బ్రహ్మాండంగా చేస్తారు. శరీరం తనంతట తాను చేసేది వేరే లెక్క. నటించిన రెప్పను చూసి నేర్చుకున్నవాడు అసలు రెప్పను చూసి నిద్రలేమి అనుకునే ప్రమాదముంది. ఆ ముక్క తీసేశాం. కడుపునొప్పి ఉంచాం.

జూలై 14

రెప్పల వీడియో దొరికింది.

పది రోజుల కింద ఐసీయూలో చేరిన కౌలురైతు. చిన్నవాడు, కట్లపాము కాటే. ఎథిక్స్ కమిటీ అనుమతితో, తల్లి సంతకంతో పీజీ అమ్మాయి ఆ రోజే తీసిపెట్టింది. అతను కోలుకున్నాక అడిగి, ఒప్పుకుంటేనే వాడుకుంటాం, వద్దంటే అతని ఎదురుగానే చెరిపేస్తాం అని తల్లికి మాటిచ్చాం. ఇవాళ అడిగాను. ముందు నాకు చూపించండి అన్నాడు. ఫోనులో చూసుకుని, ‘ఇది నేనేనా? మా తాతలాగున్నానేంటి మేడం!’ అని నవ్వాడు.

మామూలుగా రోగి ఫోటో వాడితే కళ్ళ మీద నల్ల పట్టీ వేస్తాం. ఇక్కడ చూపించాల్సిందే కళ్ళు. పట్టీ వేస్తే మిగిలేది గడ్డం. చివరికి నుదురూ కళ్ళూ మాత్రమే ఉండేలా కత్తిరించాం. కాలేజీ లాగిన్ లేకుండా తెరుచుకోదు, డౌన్‌లోడ్ అవదు. ఫోనుతో తెరను ఫోటో తీస్తే ఎవరూ ఆపలేరన్న సంగతి కూడా అతనికి చెప్పాను. చెప్పకుండా సంతకం తీసుకోవడం నాకిష్టం లేదు. కాసేపు ఆలోచించి, ‘మా ఊళ్ళో నన్నెవరూ గుర్తుపట్టరు ఇందులో,’ అని సంతకం పెట్టాడు.

లేచి వస్తుంటే ఇంకో మాట అన్నాడు. ‘ఆ రోజు మీరంతా మాట్లాడుకున్నది నాకు వినబడింది మేడం. కళ్ళు తెరుచుకోలేదంతే. ఎవరో నా చెయ్యి ఎత్తి వదిలేశారు, ఇంక లేదన్నట్టు మాట్లాడారు.’

కట్లపాము విషం నరానికీ కండరానికీ మధ్య సంబంధాన్ని తెంపుతుంది. మెదడు జోలికి పోదు. మనిషి కదలడు, రెప్ప కొట్టడు, కంటిపాప వెలుగుకు స్పందించకపోవచ్చు. చూసేవాళ్ళు బ్రెయిన్ డెడ్ అనుకుంటారు. లోపల మనిషి మేలుకునే ఉంటాడు. ఇది లెక్చర్‌లో ఏటా చెబుతాను. పిల్లలు ఏటా రాసుకుంటారు.

ఇప్పుడు వర్చువల్ పనికొచ్చే చోటు దొరికింది. కేసులో ఒక దగ్గర తెర పూర్తిగా నల్లగా అయిపోతుంది. కొన్ని నిమిషాలు శబ్దం మాత్రమే వస్తుంది. వెంటిలేటరు, చెప్పుల చప్పుడు, తల్లి ఏడుపు, తలాపున ఇద్దరు డాక్టర్ల మాటలు. నొక్కడానికి బటన్లు ఉండవు. ఏం చెయ్యాలన్నా చెయ్యలేరు. హెడ్‌సెట్ కంపెనీవాళ్ళు ఇంతటి త్రీడీ చెయ్యలేరు.

జూలై 22

ఇరవై నిమిషాల పరీక్ష దగ్గర రెండు రోజులుగా వాదన. పాముకాటు అనుమానముంటే చేసే గడ్డకట్టే పరీక్ష ఇది. 2 మిల్లీలీటర్ల తాజా రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారితే పింజర జాతి విషం పనిచేస్తోందని అర్థం. ల్యాబ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. చెట్టు కింద కూడా చెయ్యొచ్చు.

ఈ-కంటెంట్ కుర్రాడి మాట ప్రకారం నొక్కగానే రిజల్టు రావాలి. ఫోనులో ఇరవై నిమిషాలు ఎవడు కూర్చుంటాడు మేడమ్ అంటాడు. నేనేమో గడియారం నిజంగా ఇరవై నిమిషాలు నడవాలంటాను. ఆ వ్యవధిలో చెయ్యాల్సినవి బోలెడు ఉంటాయి. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో చూడాలి, మెడ ఎత్తగలడో లేదో చూడాలి, కళ్ళు పైకెత్తి ఎంతసేపు ఉంచగలడో చూడాలి, ప్రతి కొద్ది నిమిషాలకూ మళ్ళీ చూడాలి. పరీక్ష కోసం ఎదురుచూస్తూ రోగిని చూడ్డం మానేసినవాడికి ఇక్కడే తెలియాలి. చివరికి గడియారం నడుస్తుంది, మధ్యలో పనులుంటాయి, పారిపోవాలనుకున్నవాడు పారిపోవచ్చు, కానీ తిరిగొచ్చేసరికి రోగి పరిస్థితి మారి ఉంటుంది అని రాజీ పడ్డాం.

ఇంకో మెలిక కావాలనే పెట్టాను. రక్తం చక్కగా గడ్డకడుతుంది. హమ్మయ్య, పాము కాదు అని ఊపిరి పీల్చుకున్నవాడు అక్కడే దొరికిపోతాడు. కట్లపాము కాటులో ఆ పరీక్ష మామూలుగానే ఉంటుంది.

ట్యూబు వీడియో తీస్తుంటే క్యాజువాల్టీ సిస్టరు గారు వచ్చి నిలబడ్డారు. ముప్పై ఏళ్ళ సర్వీసు. కాసేపు చూసి, ‘మేడమ్, పరీక్ష సరే. గాజు ట్యూబు ఎక్కడుందో కూడా చూపించండి,’ అన్నారు. ఇప్పుడు అన్నిచోట్లా ప్లాస్టిక్ ట్యూబులే. ప్లాస్టిక్‌లో గాజులో గడ్డకట్టినట్టు గడ్డకట్టదు, సబ్బుతో కడిగిన గాజులోనూ లెక్క తప్పుతుంది. ఆవిడ మాట ప్రకారం డ్రాయరు తెరిచి వెతికే సీను పెట్టాం. మూడు రకాల ట్యూబులుంటాయి. ఏది తియ్యాలో విద్యార్థే తేల్చుకోవాలి.

ఆగస్టు 3

మొదటి బ్యాచ్ చేసింది. హాస్టల్ నెట్‌కు ఏ రోగం వచ్చిందో గాని సగంమందికి వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి. వాళ్ళను లైబ్రరీకి రమ్మన్నాం.

ఎవరు ఏ దారిలో వెళ్ళారో కంప్యూటరు రాసిపెట్టింది. ఎక్కువమంది స్కానింగు రాశారు, కొందరు అపెండిసైటిస్ అని సర్జరీవాళ్ళను పిలిచారు, కొందరు గ్యాస్ ఇంజక్షన్‌తో సాగనంపారు. ఎక్కడ పడుకున్నాడన్న ప్రశ్న తెర మీద ఉంది, నొక్కితే చాలు. అయినా నొక్కినవాళ్ళు తక్కువ. నొక్కినవాళ్ళలో పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ. ఒకమ్మాయి ఆ ఒక్క ప్రశ్నతోనే మొదలుపెట్టింది. ఎలా తట్టిందమ్మా అంటే, ‘మా నాయనమ్మ వానాకాలం నేల మీద పడుకోనిచ్చేది కాదు మేడమ్. మంచమూ దోమతెరా ఉండాల్సిందే. తెర అంచులు పరుపు కిందికి దోపేది,’ అంది. ర్యాంకు లెక్కన క్లాసులో ఈ అమ్మాయి ఎక్కడో మధ్యలో ఉంటుంది.

తర్వాత చర్చకు కూర్చున్నాం. అసలు చదువు ఇక్కడే జరిగింది. తెర ముందు ఒంటరిగా చేసినప్పుడు ఎవరి దారి వాళ్ళది. నలుగురూ కూర్చుంటే, నువ్వెందుకు స్కానింగు రాశావంటే నువ్వెందుకు పంపేశావంటూ మొదలయ్యింది. నేను నోరు విప్పకుండా ఉండడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది. నల్లతెర ముక్క గురించి ఎవరూ మాట్లాడలేదు. ఐసీయూ పోస్టింగులో ఉన్న ఒక హౌస్ సర్జన్ మాత్రం సాయంత్రం రౌండ్స్‌లో స్పృహ లేని రోగితో ‘పెద్దాయనా, చెయ్యి ఎత్తుతున్నాను’ అని చెప్పి ఎత్తాడు.

ఆగస్టు 5

హెడ్‌సెట్ కంపెనీ మళ్ళీ ఫోను. ప్రిన్సిపాల్ గారికి మనసు లాగుతోంది. ఆయనకు పంపడానికి 2018లో పారోంగ్, మేయర్ చేసిన ప్రయోగం వెతికి పెట్టాను. శరీరం లోపలి సంగతులు చెప్పే ఒకే పాఠాన్ని కొందరు వర్చువల్ రియాలిటీలో చూశారు, కొందరు మామూలు కంప్యూటరు స్లైడ్లలో. వర్చువల్‌వాళ్ళు ఎక్కువ ఆనందించారు. పరీక్షలో స్లైడ్లవాళ్ళకు ఎక్కువ మార్కులొచ్చాయి. మరుసటి ఏడు మక్రాన్స్కీ బృందం సైన్స్ ల్యాబ్ పాఠంతో చేసినప్పుడూ అదే తంతు. అక్కడే ఉన్నామన్న భావన పెరిగింది, నేర్చుకున్నది తగ్గింది.

దీన్ని పట్టుకుని హెడ్‌సెట్ దండగ అనను. గొట్టం వెయ్యడం, సీపీఆర్ లాంటి చేతిపనులకు దాని ఉపయోగం దానికుంది. మనకు కావలసింది ఏం అడగాలో తట్టడం. దానికి కిటికీలోంచి చెట్లెందుకు?

ఆగస్టు 19

రాత్రి పీహెచ్‌సీ డాక్టర్లతో ఆన్‌లైన్‌లో ఇదే కేసు. పిల్లలకన్నా వీళ్ళతోనే ఎక్కువ నేర్చుకున్నాను.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో పన్నెండు లక్షల మంది పోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేలా ఉంది. 2030కల్లా సగానికి తగ్గించాలని కేంద్రం ఈ మార్చిలోనే జాతీయ ప్రణాళిక కూడా విడుదల చేసింది. ఆ సగం తగ్గాల్సింది మా ఐసీయూలో కాదు, వీళ్ళ వరండాల్లో. వెంటిలేటరు దాకా వచ్చినవాణ్ణి మేం ఎలాగో లాక్కొస్తాం. రాలేనివాళ్ళ సంగతి వీళ్ళకే తెలుసు.

ఏజెన్సీ వైపు నుంచి ఒక మెడికల్ ఆఫీసరు సూటిగా అన్నాడు. ‘మేడమ్, మీ కేసులో స్కానింగుంది, సర్జనున్నాడు, ఐసీయూ ఉంది. నా దగ్గర నేనూ, ఒక సిస్టరూ, ఫ్రిజ్‌లో యాంటీ వీనమ్ వయల్సూ. ఎక్కించమంటే భయం. రియాక్షన్ వస్తే ఇంటివాళ్ళు నన్నే పట్టుకుంటారు. 108 ఎక్కించి పంపేస్తే ఎవరూ ఏమీ అనరు.’

దీనికి జవాబు పుస్తకంలో ఉంది. మొదటి మోతాదు పది వయల్స్ గంటలో ఎక్కించాకే పంపాలి. పిల్లలకైనా అదే మోతాదు, ఎందుకంటే పాము పిల్లవాడని చూసి విషం తగ్గించదు. ఎడ్రినలిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకోవాలి, రియాక్షన్ వస్తే పెద్దవాళ్ళకు అర మిల్లీగ్రాము తొడ కండలోకి. ఊపిరి తగ్గుతుంటే ఆంబూ బ్యాగ్ ఒత్తుకుంటూ తీసుకెళ్ళాలి. ఆలస్యమైతే కట్లపాము నరాల చివర్లకు చేసిన నష్టాన్ని యాంటీ వీనమ్ వెనక్కి తిప్పలేదు. ఇవన్నీ ఆయనకు తెలుసు. చెప్పి చూపించాడు కూడా. అడ్డొస్తున్నది భయం. అది ఎలా పోతుంది?

సిస్టరు గారితో ఒక వీడియో తీయిస్తే బాగుంటుందని తట్టింది. ఆవిడ వయల్‌లోకి నీరు ఎక్కించి, రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లిస్తారు. గిలక్కొట్టరు, గిలక్కొడితే నురగ కడుతుంది. పది వయల్స్ అలా కలపడానికి ఎంతసేపు పడుతుందో, ఆలోగా ఎడ్రినలిన్ ఎక్కడ పెట్టుకోవాలో, ఇంటివాళ్ళతో ఏం మాట్లాడాలో, అన్నీ ఆవిడ చేతుల్లో కనపడతాయి. నేను రాస్తే అది ప్రొటోకాల్ అవుతుంది.

కేసుకు రెండో రూపం కట్టాలి. అదే కుర్రాడు, అదే తల్లి, అదే నాలుగు గంటలు. చోటు మాత్రం పీహెచ్‌సీ. స్కానింగు బటన్ ఉండదు. 108 వచ్చేసరికి ఎంత సమయముందో ముందే చెప్పరు.

ఆగస్టు 30

సిస్టరు గారి వీడియో అయ్యింది. ఒక్క టేకు. మధ్యలో నిజం రోగి వచ్చాడు, కెమెరా ఆపమని కూడా చెప్పకుండా వెళ్ళిపోయి, చూసుకుని వచ్చి, చేతులు కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టారు. ఆ వెళ్ళి రావడం కూడా ఉంచమన్నాను. ఈ-కంటెంట్ కుర్రాడు ఈసారి వాదించలేదు.

సెప్టెంబరు 2

ఇది ఊహించాల్సిందే. రౌండ్స్‌లో కడుపునొప్పి రోగి కనపడితే చాలు, పిల్లలు ‘కట్లపాము మేడమ్’ అంటున్నారు. ఇవాళ పాంక్రియాటైటిస్ రోగిని కూడా నేల మీద పడుకున్నారా అని అడిగారు. ఆయన, ‘నాకు డబుల్ కాట్ ఉందమ్మా,’ అన్నాడు చిన్నబుచ్చుకుని.

ఎల్‌స్టీన్ బృందం 1978లోనే ఈ సంగతి రాసింది. ఒక కేసులో బాగా ఆలోచించినవాడు ఇంకో కేసులోనూ బాగా ఆలోచిస్తాడన్న నమ్మకమేమీ లేదు. కేసును బట్టి మనిషి మారిపోతాడు. ఎంత గొప్పగా కట్టినా ఒక కేసు ఒక కేసునే నేర్పుతుంది. దాని పక్కన దానిలాగే ఉండి అది కానిది ఇంకోటి పెట్టాలి.

ఏది పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు, మన దగ్గర కావలసినంత ఉంది. పురుగుమందు. అదే తెల్లవారుజాము, అదే కడుపునొప్పి, అవే వాంతులు, కాసేపటికి అదే ఊపిరి తిప్పలు. తేడాలు కళ్ళలోనూ చర్మం మీదా ఉంటాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఒళ్ళంతా చెమట, నోట్లో నురగ, చొంగ. కాస్త కోలుకున్నాడనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు మెడ వాలిపోవడమూ జరగొచ్చు. అప్పుడు మొదటి కేసు చేసిన పిల్లలందరూ పాము వైపు పరిగెడతారు.

ఈ కేసులో దాచే పని నేను చెయ్యనక్కర్లేదు. ఇంటివాళ్ళే దాస్తారు. పోలీసు కేసని భయం, పరువని భయం, కూతురి పెళ్ళి ఆగిపోతుందని భయం. తల్లి పాత్రకు రేడియో గొంతున్న ఎవరినైనా పెడదామని కుర్రాడు అన్నాడు. పక్కనే ఉన్న సిస్టరు గారు నేను చెబుతానన్నారు. డైలాగులు రాసిస్తానంటే వద్దన్నారు.

‘ఎన్ని రాత్రులు విన్నానో మేడమ్. ఏమడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు. మీ పిల్లల్ని అడగమనండి, నేను చెప్పను.’

రేపు రెండింటికి ఆవిడ డ్యూటీ దిగుతారు. అప్పుడే రికార్డింగు. అడగబోయేది ఆ నేల మీద పడుకోని అమ్మాయి.